రూతమ్మ నోటి మాట

ఆ వేళ కూడా రూతమ్మ అందరికంటే ముందే లేచింది. దొడ్లో బొప్పాయి చెట్టు దగ్గరికెళ్ళి, మరీ లేతదీ మరీ ముదురుదీ కాని ఆకు కాడ ఒకటి వెతికి కోసింది. రెండు కొసలూ కత్తిపీట మీద సమంగా తెగ్గోసి, పాలు పోయేదాకా మూడుసార్లు నీళ్ళు పోసి కడిగి, గంజి గ్లాసు పక్కన పెట్టింది. ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసి, గబగబా వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది.

ఆ కాడ కోడలు దేవకుమారి కోసం. ఆరు వారాలుగా ఆ పిల్ల అన్నం తినలేకపోతోంది. దవడ పట్టేసింది. పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య చిటికెన వేలు దూరేంత సందు కూడా కష్టంగా తెరుచుకుంటోంది. ఆ సందులో బొప్పాయి కాడ పెట్టుకుని గంజి పీల్చుకోవడమే. కుడి చెవి ముందు చింతగింజంత లేచిన వాపు, ఇప్పుడు రేగిపండంత అయింది.

"గంజి చల్లారిపోతోంది. తాగితే తాగు, లేకపోతే కుడితి గోలెంలో పోసేస్తాను," అంది రూతమ్మ, పొయ్యి వైపే చూస్తూ.

దేవకుమారి వచ్చి గ్లాసు తీసుకుంది. కాడ చూసింది, అత్తగారి వీపు చూసింది. కాడ పళ్ళ సందులో పెట్టుకుని పీల్చింది.

చూశారా వరస! కాడ కోసిపెట్టే చెయ్యీ ఆవిడదే, కుడితిలో పోస్తాననే నోరూ ఆవిడదే. ఆరు నెలల క్రితం అయితే ఆ ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. పెదపాడు దాటి కొల్లేటి గట్టు మీదుండే ఆ చిన్న ఊళ్ళో అత్తాకోడళ్ళ గొంతులు చెరువు దాకా వినిపించేవి. "కూరలో ఉప్పు చాల్లేదత్తయ్యా" అని కోడలు అనడం, "మీ బోర్డింగు బళ్ళో ఉప్పు మూటలు తినేవారేమిటే?" అని అత్త ఎదురు తిరగడం, మధ్యలో వరదానం కంచం ముందు తల వంచుకుని నవ్వుకోవడం. అతను మిషను బళ్ళో మాస్టరు. తల్లికి అక్షరం ముక్క రాదు, పెళ్ళాం ఏలూరు బోర్డింగులో ఎనిమిది దాకా చదివింది. ఇద్దరిలో ఎవరి పక్షం మాట్లాడినా ఆ పూట తనకి ముద్ద దిగదని అతనికి తెలుసు.

1936 ఈస్టరు పండుగ తర్వాత ఆ సందడి ఆగిపోయింది. కోడలు మాట్లాడటం తగ్గించింది, అత్త కోడలి మొహం చూడటం మానేసింది. అలక అనుకున్నాడు వరదానం. నోరు విప్పక, సరిగా తినక కూర్చుంటే ఎవరికైనా అలకలాగే కనిపిస్తుంది మరి. మే నెలలో ఆ పిల్ల నొప్పికి తాళలేక ఏడ్చాక గాని అది అలక కాదని అతనికి అర్థం కాలేదు. అప్పుడు ఏలూరు బజార్లో పళ్ళు పీకే ఆయన దగ్గరికి తీసుకెళ్తే రెండు దవడ పళ్ళు పీకాడు. పళ్ళు పోయాయి, నొప్పి పోలేదు. ఆగస్టు వచ్చేసరికి ఇదిగో, బొప్పాయి కాడ.

పక్కింటి సుబ్బాయమ్మ నిప్పుకని వచ్చి గుమ్మంలో నిలబడింది. మంచి మనిషే, కాని చావు కబుర్లు చెప్పకుండా నిప్పు తీసుకెళ్ళలేదు.

"ఏమ్మా రూతమ్మా, ఏమైనా తగ్గిందా? పసుపుకొమ్ము కాల్చి వాత పెట్టమని మొన్ననే చెప్పాను కదా! మా మేనత్తకీ ఇలాగే చెవి ముందే లేచిందమ్మా. రాచపుండు! కత్తి పెట్టించారు. కత్తి తగిలాక అది ఊరుకుంటుందా? పదిహేను రోజులు..." అని చేత్తో గాల్లోకి చూపించింది.

"పొద్దున్నే ఏం మాటలండీ సుబ్బాయమ్మగారూ!" లోపల్నుంచి వరదానం చొక్కా తొడుక్కుంటూ వచ్చాడు. "అమ్మా, బండి చెప్పాను. ఇవాళ శనివారం, బడి లేదు. ఏలూరు మిషను ఆసుపత్రికి వెళ్తున్నాం. కొత్తగా వచ్చిన లేడీ డాక్టరుగారు బాగా చూస్తారట."

రూతమ్మ చేతిలో ఊదుగొట్టం జారి కింద పడింది.

"ఆసుపత్రా? ఎందుకురా? ఉపవాసం ఉండి ప్రార్థన చేయిద్దాం. దేవుడు చూస్తాడు."

"నువ్వే చెయ్యడం లేదు కదమ్మా ప్రార్థన. కూడికలో ఎప్పుడూ నీ గొంతే ముందు. ఈస్టరు నుంచి నువ్వు నోరు విప్పలేదని పాస్టరుగారే అడిగారు నన్ను."

ఆ మాటకి రూతమ్మ మొహం తెల్లబోయింది. లేచి, చూరులో దోపిన తాటాకు గొడుగు తీసుకుని అందరికంటే ముందు వెళ్ళి బండిలో కూర్చుంది.

దారంతా ముసురే. తుంగ దుబ్బుల మీంచి కొల్లేటి గాలి బండిలోకి రివ్వున కొడుతోంది. రూతమ్మ గొడుగు తన మీద పట్టుకోలేదు. కోడలి కుడి చెంపకి జల్లు తగలకుండా అడ్డం పట్టుకుని, మొహం మాత్రం పక్కకి తిప్పుకుని కూర్చుంది. ఏలూరు చేరేసరికి ఆవిడ ఎడమ భుజం నిలువునా తడిసింది.

డాక్టరు రత్నమాణిక్యానికి యాభై ఏళ్ళుంటాయి. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని మాట్లాడుతుంది. మెత్తగా మాట్లాడే తీరిక ఆవిడకి ఉన్నట్టు లేదు.

"ఈ పళ్ళు పీకిందెవరు?"

"బజార్లో ఆయనండి..." అన్నాడు వరదానం.

"చక్కటి పళ్ళు. వాటికేం రోగం లేదు. ఆయన్ని తీసుకురా, ఆయనవి రెండు నేను పీకుతాను." ఆవిడ తన చిటికెన వేళ్ళు రెండూ దేవకుమారి చెవుల్లో పెట్టింది. "తెరు అమ్మా. వచ్చినంతే చాలు. మూయి. మళ్ళీ తెరు."

దేవకుమారి నోరు తెరిచినప్పుడల్లా గడ్డం కుడి పక్కకి పోతోంది. డాక్టరమ్మ వాపు మీద వేలు పెట్టి నొక్కింది, వేడి ఉందేమో చూసింది, మెడ కింద బిళ్ళలున్నాయేమో వెతికింది. నోట్లోకి దీపం వేసి చూసింది. తర్వాత రూతమ్మ వైపు తిరిగింది.

"మీరు అత్తగారా? ఇలా రండి. ఇక్కడ వేలు పెట్టండి. దవడతో పాటు వాపు కూడా కదులుతోంది, తెలుస్తోందా?"

రూతమ్మ చెయ్యి చాపింది. వేళ్ళు చెంప దాకా వెళ్ళాయి. నిప్పు ముట్టుకున్నట్టు వెనక్కి లాక్కుని, చెయ్యి కొంగులో దాచుకుంది. డాక్టరమ్మ కళ్ళజోడు పైనుంచి ఆవిడని ఒక్క క్షణం చూసింది.

"విను మాస్టారూ," అంది వరదానంతో. "ఇది చీము కాదు, వేడి లేదు. గవదబిళ్ళ కాదు. పన్నూ కాదు. దవడ ఎముక చెవి ముందు కీలులో తిరుగుతుంది, తలుపు బందు మీద తిరిగినట్టు. ఆ కీలు లోపల మెత్తటి పొర ఒకటుంటుంది. అందులోంచి కండ పెరిగి అడ్డం పడిందని నా అనుమానం. అదే అయితే ప్రాణానికి భయం లేదు. కాని అది చాలా అరుదు. నేను చదువుకున్న పుస్తకంలో దాని గురించి నాలుగు వరుసలే ఉన్నాయి. మనిషిలో చూడటం ఇదే మొదటిసారి."

"అది కాకపోతేనండి?"

"కాకపోతే చెడ్డ పుండు. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి. ఎక్స్‌రే ఇక్కడ లేదు, ఉన్నా మెత్తటి కండ అందులో తెలీదు. కోసి తీసి, ముక్క మదరాసు పంపితే అక్కడ మైక్రోస్కోపులో చూసి చెబుతారు. అంతకంటే దారి లేదు."

"మత్తిస్తారాండి?"

"ఇవ్వను. నోరు తెరుచుకోని మనిషికి మత్తిస్తే ఊపిరి ఆగినప్పుడు ఏం చెయ్యను? చెంపకి సూదిమందు వేసి, మెలకువలోనే చేస్తాను. ఇంకొకటి కూడా ముందే చెప్పాలి. చెవి ముందు నుంచే మొహాన్ని కదిలించే నరం పోతుంది. నా చెయ్యి నూలుపోగంత తప్పిందా, కన్ను మూతపడదు, మూతి వంకరపోతుంది. అలా జరగదనే అనుకుంటున్నాను. కాని జరగదని రాసివ్వను."

మూతి వంకరపోతుంది అన్న మాట వినగానే రూతమ్మ గోడ పట్టుకుంది. మరుక్షణం కోడలి చెయ్యి పట్టుకుని లాగింది.

"పదవే. లే. ఇంటికి పోదాం. ఈ కోతలేం వద్దు."

"అమ్మా!"

"నువ్వూరుకోరా! ముక్కలు కోసి మదరాసు పంపడానికి నా కోడలేమైనా కొరమీనా?"

ఆ గొంతుకి వరండాలో కూర్చున్న రోగులంతా తొంగిచూశారు. వరదానం అడ్డం వచ్చి తల్లి చెయ్యి విడిపించాడు. ఇన్నేళ్ళలో తల్లి ముందు అతను గొంతు పెంచింది లేదు. ఇప్పుడు పెంచాడు.

"ఆరు వారాలమ్మా! నా కళ్ళ ముందు ఎండిపోతోంది. దీన్ని ఇంటికి తీసుకెళ్ళి ఏం చెయ్యమంటావు? సుబ్బాయమ్మగారి చేత వాత పెట్టించమంటావా? నీకు కుమారి అంటే పడదని ఊరంతా అంటుంటే నమ్మలేదు నేను. ఇప్పుడు చెప్పు. ఇది బాగుపడటం నీకిష్టం లేదా?"

"వరదానం!"

"ఇష్టం లేకపోతే ఇష్టం లేదని చెప్పు!"

రూతమ్మ నిలబడ్డ చోటే కూలబడింది. తల మీద కొంగు జారిపోయినా సర్దుకోలేదు.

"నాకు ఇష్టం లేదట్రా? నావల్లే వచ్చిందిరా దానికి ఈ రోగం! నేనే అన్నాను. ఈస్టరు తర్వాత మీ మత్తయి మావయ్య అత్తిలి నుంచి వచ్చాడు చూడు, ఆ వేళ. నువ్వు బళ్ళో ఉన్నావు. కోడలుపిల్లా బాగున్నావా అని మూడుసార్లు పలకరించాడు మా అన్నయ్య. ఇది జవాబు చెప్పలేదు. మొహం తిప్పుకుని లోపలికి పోయింది. వాడు మంచినీళ్ళు కూడా ముట్టకుండా లేచి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దవాళ్ళని పలకరించని నీ నోరు పడిపోను అన్నాను. వీధిలో నిలబడి అరిచాను. పడిపోయిందిరా! నెల తిరక్కుండా పడిపోయింది! ఇప్పుడు ఈవిడ మూతి వంకరపోతుందంటోంది. అది కూడా జరుగుతుంది. నా నోటి మాట అది!"

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని ఆ ఊళ్ళో పిల్లలకి చెప్పేదే రూతమ్మ. నాలుగు నెలలుగా ఆ సామెత ఆవిడ గుండెల మీద కూర్చుని ఉంది. ఎవరికి చెప్పుకుంటుంది? ప్రార్థనకి నోరు తెరిస్తే ఆ మాటే గుర్తొచ్చేది.

వరదానం కొయ్యబారిపోయాడు. అతనూ ఆ ఊళ్ళో పుట్టినవాడే. తల్లి తిట్టు బిడ్డకి తగులుతుందని చదువుకున్న బుర్రలో కూడా ఓ మూల ఉంటుంది. "అంత మాట అన్నావా?" అన్నాడు మెల్లిగా. "నా భార్యని అంత మాట ఎలా అనగలిగావమ్మా?"

అప్పుడు టపటపమని చప్పుడైంది. దేవకుమారి బల్ల మీద పలక కొడుతోంది. నోరు పట్టేశాక వరదానమే బడి నుంచి తెచ్చిచ్చిన పలక అది. బలపంతో గబగబా రాసి భర్త మొహం ముందు పెట్టింది.

"ఏం రాసింది?" అంది రూతమ్మ. "చదవరా. తిట్టినా సరే, ఉన్నదున్నట్టు చదువు."

వరదానం చదివాడు. "'ఆ మాటకి ముందే పట్టేసింది.'"

"ఏంటి?"

దేవకుమారి కొంగుతో పలక తుడిచి మళ్ళీ రాసింది. అక్షరాలు వంకరపోతున్నాయి. కొల్లేటి గట్టు ఊళ్ళలో చాపలల్లే ఆడవాళ్ళు తుంగ కాడ ఒక కొస పళ్ళతో బిగించి పట్టి, రెండో కొస గోటితో చీల్చుతారు. అత్తవారింటికి వచ్చాక ఆ పని దేవకుమారికి నేర్పింది రూతమ్మే.

"'మావయ్యగారు వచ్చినప్పుడు తుంగ చీలుస్తున్నాను. కాడ పళ్ళ మధ్య ఉంది. కటుక్కుమంది. నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. మూతపడలేదు.'"

వరదానం చదవడం ఆపి భార్య వైపు చూశాడు. దేవకుమారి తుడిచి రాస్తూనే ఉంది.

"'చొంగ కారిపోతోంది. మావయ్యగారి ముందు సిగ్గేసింది. కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తాను. రెండు చేతులతో దవడ పట్టుకుని గుంజితే మూతపడింది. బయటికి వచ్చేసరికి ఆయన వెళ్ళిపోయారు. అత్తయ్య తిడుతున్నారు.'"

"మరి నాకెందుకు చెప్పలేదే!" రూతమ్మ నేల మీదే మోకాళ్ళతో దగ్గరికి వచ్చింది. "అప్పుడు మాట వచ్చేది కదే నీకు!"

"'చెబుదామని రెండుసార్లు వచ్చాను. మొహం తిప్పుకున్నారు. సాకు చెబుతున్నానంటారని ఊరుకున్నాను. వాపు లేచాక నావైపు చూడటమే మానేశారు. ఇంకా కోపం పోలేదనుకున్నాను.'"

"కోపం కాదే తల్లీ," అంది రూతమ్మ. "నీ చెంప చూస్తే నేనన్న మాటే కనపడేది. భయమేసేది నాకు. చచ్చేంత భయమేసేది."

డాక్టరమ్మ అంతవరకూ చేతులు కట్టుకుని చూస్తోంది. ఇప్పుడు పలక ముందుకి వంగింది. "నాకు కావలసింది ఇదే. కటుక్కుమందన్నావు. ఆ చప్పుడు అదే మొదటిసారా?"

దేవకుమారి తల అడ్డంగా ఊపింది. రాసింది. ఈసారి డాక్టరమ్మే పైకి చదివింది.

"'బోర్డింగులో ఉన్నప్పటినుంచీ ఉంది. ఆవులిస్తే చప్పుడయ్యేది. పక్క పిల్లలు నవ్వేవారు. మూడేళ్ళు.'" ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మూడేళ్ళు! అంత నిదానంగా పెరిగిందంటే మంచి మాట. చెడ్డ పుండుకి అంత ఓపిక ఉండదు. రూతమ్మగారూ, మూడేళ్ళ క్రితం ఈ పిల్ల ఎవరో కూడా మీకు తెలీదు కదా?"

"తెలీదండి. పెళ్ళయి రెండేళ్ళేనండి."

"మరి ఎవరో తెలీని పిల్లకి మీ తిట్టు ఎలా తగిలింది? పళ్ళతో తుంగ లాగడం వల్ల నొప్పి పెరిగి ఉంటుంది, అది మాత్రం మాన్పించండి. లేవండి ఇక." ఆవిడ కాగితం తీసి భర్త వైపు కాకుండా దేవకుమారి వైపు జరిపింది. "దవడ నీది. సంతకం నువ్వు పెట్టు. తర్వాత మాస్టారు పెడతాడు."

దేవకుమారి పెట్టింది. వరదానం పెట్టాడు. రూతమ్మ బొటనవేలు చాపింది.

"నాది కూడా వేయించుకోండి."

"మీది అక్కర్లేదమ్మా."

"మీకక్కర్లేదు, నాకు కావాలండి," అంది రూతమ్మ. డాక్టరమ్మ సిరా డబ్బా మూత తీసింది.

సోమవారం పొద్దున్న ఆపరేషను. రెండు గంటలు పట్టింది. లోపల పిల్ల మెలకువగానే ఉందని, ఏ క్షణాన అరుస్తుందో అని రూతమ్మ తలుపుకి చెవి ఆనించి నిలబడింది. అరుపు వినపడలేదు. అరవడానికి నోరు తెరుచుకోదని గుర్తొచ్చి అక్కడే ఏడ్చింది. నాలుగు నెలల తర్వాత మొదటిసారి పైకి ప్రార్థన చేసింది, వరండాలో అందరూ వినేలాగే.

తలుపు తీసుకుని డాక్టరమ్మ చిన్న సీసా పట్టుకుని వచ్చింది. మందునీళ్ళలో ఉసిరికాయంత కండ తేలుతోంది. "మీ మాట ఇందులో ఎక్కడైనా ఉందేమో చూడండి," అంది రూతమ్మతో. తర్వాత లోపలికి పిలిచి, కట్టు కట్టిన దేవకుమారి మొహం మీదికి వంగింది.

"కళ్ళు మూసుకో అమ్మా. గట్టిగా. భేష్. ఇప్పుడు ఈల వేసినట్టు మూతి పెట్టు."

దేవకుమారి అత్తగారి వైపు బెదురుగా చూసింది. అత్తగారి ముందు ఈల వేసే కోడలు ఆ జిల్లాలో ఇంకా పుట్టలేదు.

"వెయ్యవే!" అంది రూతమ్మ. "ఈ ఒక్కసారికీ నేనే చెబుతున్నాను, వెయ్యి!"

పెదవులు రెండూ సమానంగా ముందుకి వచ్చాయి. వంకర లేదు. చప్పుడు రాలేదు గాని గాలి వచ్చింది. రూతమ్మ ఆ గాలి ముందు అరచెయ్యి పెట్టి చూసుకుంది.

అయితే సగమే తేలింది. మదరాసు జవాబు రావాలి. వారం తర్వాత కుట్లు విప్పి ఇంటికి పంపుతూ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. రోజూ నోరు తెరవాలి, మాట్లాడాలి, లేకపోతే కీలు మళ్ళీ బిగుసుకుపోతుంది. దేవకుమారి తల ఊపింది గాని ఇంటికొచ్చాక పెదవి విప్పలేదు. తెరిస్తే మళ్ళీ పట్టేస్తుందేమోనని భయం. దానికి తోడు సుబ్బాయమ్మ గుమ్మంలోకి వచ్చి, "కత్తి పెట్టించేశారా? ఎన్ని రోజులైంది?" అని వేళ్ళ మీద లెక్కపెట్టింది. రూతమ్మ ఆవిడకి నిప్పిచ్చి, గుమ్మం దాకా సాగనంపి, తలుపు వేసేసింది.

పన్నెండో రోజున ఆసుపత్రి నుంచి కార్డు వచ్చింది. వరదానం బళ్ళో ఉన్నాడు. పోస్టుమాను కేకేసి అరుగు మీద పడేసి వెళ్ళాడు. రూతమ్మ తీసుకుని అటు తిప్పింది, ఇటు తిప్పింది. అక్షరాలన్నీ ఒకేలా ఉన్నాయి. అందులో చావు ఉందో బతుకు ఉందో ఆవిడకి తెలియదు. బడికి పరిగెడదామా అనుకుంది, అంతసేపు ఆగలేకపోయింది. వంటింటి గుమ్మం దగ్గర కూర్చున్న కోడలి చేతిలో పెట్టింది.

"చూడమ్మా. ఏమున్నా సరే నాకు చెప్పు. తల ఊపినా చాలు."

దేవకుమారి చదువుకుంటోంది. కళ్ళు వరస మీంచి వరసకి పోతున్నాయి. సగం దాకా వచ్చేసరికి నీళ్ళు ధారగా కారిపోయాయి.

"అయ్యో నా తల్లీ! ఏం రాశారే? నన్ను తీసుకుపొమ్మనవే ఆ దేవుణ్ణి, నువ్వు నిన్న గాక మొన్న వచ్చిన పిల్లవి, నన్ను..."

దేవకుమారి చేత్తో ఆగమంది. కుడి అరచెయ్యి చెంపకి ఆనించుకుని, భయంభయంగా పెదవులు విప్పింది. పళ్ళు ఎడమయ్యాయి. ఇంకా ఎడమయ్యాయి. గొంతు బొంగురుగా, ఆగి ఆగి వచ్చింది.

"రాచపుండు... కాదంటత్తయ్యా."

రూతమ్మ కార్డు వైపు చూసింది, కోడలి నోటి వైపు చూసింది.

"'కీలు పొరలోంచి పెరిగిన... మామూలు కండ. ప్రమాదం... లేదు. దేవకుమారీ, రోజూ మాట్లాడుతున్నావా? ఈ కార్డు... మీ అత్తగారికి పైకి చదివి వినిపించు. అదే... మందు.'" దేవకుమారి ఊపిరి పీల్చుకుంది. "'ఆవిడకి చెప్పు. ఈ కండ... ఆవిడ కోపం కంటే పాతది.'"

రూతమ్మ కోడలి తల గుండెలకి హత్తుకుని భోరుమంది. ఇద్దరూ ఎంతసేపు ఏడ్చారో పొయ్యి మీద అన్నం పొంగి చిటపటలాడేదాకా తెలియలేదు. అప్పుడు రూతమ్మ గబుక్కున లేచి, కళ్ళు తుడుచుకుని, అన్నం వార్చింది. పొద్దున్నే పడవ వాళ్ళ దగ్గర కొరమీను తీసుకుని పులుసు పెట్టి ఉంచింది, కోడలు తింటుందో లేదో తెలియకపోయినా. కంచంలో మెత్తగా అన్నం పిసికి, పులుసు పోసి, చేప ముక్కలో ముల్లు లేకుండా రెండుసార్లు వేలితో తడిమి, ఉసిరికాయంత ముద్ద చేసింది.

"ఏదీ, నోరు తెరు. భయపడకు, నేనున్నాను కదా."

దేవకుమారి నోరు రెండు వేళ్ళ వెడల్పు తెరుచుకుంది. ముద్ద లోపలికి వెళ్ళింది. రూతమ్మ ఆ పిల్ల దవడ వైపే చూస్తూ, తన నోరు కూడా తెరిచి మూసింది. నమిలింది దేవకుమారి, మెల్లిగా, ఎడమ పక్క నుంచి. మింగింది. ఒక్క క్షణం ఆలోచించింది.

"ఉప్పు చాల్లేదత్తయ్యా," అంది.

రూతమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. మీ బోర్డింగు బళ్ళో అని మొదలెట్టబోయింది. ఒక పక్క నవ్వు, ఒక పక్క ఏడుపు. రెండో ముద్ద కలిపి పట్టుకుని, నోటికి అందించకుండా అలాగే కోడలి మొహంలోకి చూస్తూ అడిగింది.

"ఏదీ, ఇంకోసారి అనమ్మా."